పెనము చుట్టును పంక్తి

ప్రతిమాసమును ఈ పుటయందు వంటయింటి ముచ్చటలే వ్రాయుచున్నారేమని యొక సోదరి మమ్ము నెత్తిపొడిచినది. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఈమాఱును మేము వ్రాయబోవునది యొక పెనమునుగూర్చియే. ఆ పెనము మా యింటిది గాదు, మన దేశముదియు గాదు. జపానుదేశమున కోబె పట్టణమునందు, 2024వ సంవత్సరము నవంబరుమాసపు నడుమ నొక శుక్రవారము రాత్రి, పని ముగించుకొని మేమును మా స్నేహితురాలును దాని యెదుట రెండుగంటలకాలము కూర్చుంటిమి. ఆనాటి సంగతి యెవరితోనైనను జెప్పుకొనవలెనని మనసు పీకుచుండుటచే నిది వ్రాయుచున్నాము.

మేమప్పుడు ఉద్యోగమునకై కోబెలో నుంటిమి. సముద్రమును బూడ్చి నిర్మించిన పోర్ట్ ఐలెండు అను ద్వీపముమీద మా పరిశోధనశాల యుండెను. అచ్చటినుండి పట్టణమధ్యమగు సన్నోమియాకు బోవు రైలును నడపు మనిషి యుండడు. 1981వ సంవత్సరమునుండియు నది తనంతట దానే నడచుచున్నది. మొదటిదినమున ముందుపెట్టెలో గూర్చుండి, యెదుట నద్దమే గాని మనిషి లేకుండుట చూచి, మేము దారిపొడుగునను రామనామము జపించితిమి. పిదప నలవాటయ్యెను. ఆ శుక్రవారము మాత్రము మా స్నేహితురాలు మా ప్రక్కన గూర్చుండియు నొక్కమాటయైన నాడలేదు. పగలు మా బల్లకడకు వచ్చి, "మీతో నొక సంగతి చెప్పవలెను, ఒక సాయమును అడుగవలెను. ఈరాత్రి పెనముకడ భోజనము చేయుదమా?" అని మాత్రమే చెప్పియుండెను.

ఆమెకు ముప్పదియెనిమిదేండ్ల ప్రాయము. మూడేండ్లు మా ప్రక్కబల్ల యామెదే. క్రొత్తమందుల గుణదోషములు పరీక్షించుట ఆమె పని. పండ్రెండేండ్లుగా ఆమె వ్రాసిన వ్యాసములు పరదేశపు శాస్త్రపత్రికలలో అచ్చుపడుచున్నవి. నిదానస్థురాలు. సాయమడుగుట యెఱుగదు. అందుచేతనే మాకు గొంత దిగులుకలిగెను.

మేము పోయిన భోజనశాలను ఆ దేశమున "తెప్పన్‌యాకి" శాల యందురు. ఈ మాట మొదట మా చెవినిబడినప్పుడు తెప్పతిరునాళ్లు జ్ఞప్తికివచ్చి, నీటిమీద దేలుచుండు భోజనశాల గాబోలునని తలచితిమి. "తెప్పన్" అనగా నినుపపలక, "యాకి" యనగా కాల్చుట. మన యట్లపెనమును మంచమంత చేసి, దాని మూడుప్రక్కల బల్లకట్టి, బల్లవెంబడి కుర్చీలు వేసినయెడల తెప్పన్‌యాకి శాల సిద్ధమైనట్లే. నాలుగవప్రక్క వంటవాడు నిలుచును. తినువారు ఒకరినొకరు ఎఱుగకపోయినను ఒకే పంక్తిని గూర్చుందురు. వడ్డన యన్నది వేఱుగా లేదు. పెనముమీదినుండి యట్లకాడతో నెత్తి మన పళ్లెములో బెట్టుటయే.

ఇది జపానువారి పురాతన భోజనమని లోకమున బలువురు దలంతురు. అది పొరబాటు. 675వ సంవత్సరమున తెమ్ము చక్రవర్తి ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి వీని మాంసము దినరాదని శాసించిన దేశమది. 1872లో మెయిజీ చక్రవర్తి గోమాంసము భుజించెనని వెల్లడియైన పిదపనే ఆ వాడుక పెద్దలలో బాహాటముగా బ్రబలెను. ఇక ఇనుపపలకమీద మాంసపుముక్కలను అతిథుల కన్నులయెదుట వేచిపెట్టుట 1945లో ఈ కోబెయందే, మిసోనో అను శాలలో, ఫుజియోకా షిగేజి యనునాతడు మొదలుపెట్టెనని చెప్పుదురు. ఆ యేటనే బాంబులు పడి పట్టణమున జాలభాగము బూడిదయైయుండెను. ఈ వంట స్వదేశీయులకంటె, యుద్ధానంతరము అచ్చట దిగిన అమెరికా సైనికులకు ముందు రుచించినదట. 1964లో రాకీ ఆవోకీ యను జపానుయువకుడు న్యూయార్కులో బెనిహానా యను శాలను దెఱచెను. వంటవాండ్రు కత్తులు గరిటెలు ద్రిప్పుచు, ఉల్లిచక్రములను గోపురమువలె బేర్చి మంటలెగయజేయుచు వినోదముచూపు పద్ధతి ఆ దేశముననే పేరుపొందినది. కోబెలో ఆ గారడి లేదు. వంటవాడు మాటాడుటయే యరుదు.

మా వంటవాడు అఱువదేండ్ల వృద్ధుడు. అప్పుడు కార్తికమాసము జరుగుచుండెను. మాంసము, చేపలు మే మెన్నడు నెఱుగము. ఆ మాసమున నీరుల్లి వెల్లుల్లికూడ మానియుంటిమి. మా స్నేహితురాలు ముందుగనే యీ సంగతి కబురుచేసినది. వినుటకు సులభముగానున్నది గాని, తెప్పన్‌యాకియందు మొదట జేయు పనియే వెల్లుల్లిరేకులను నూనెలో నెఱ్ఱగా వేచి ప్రక్కనుంచుట! ఆ వాసనపట్టిన నూనెతోనే తక్కినవంట నడచును. జపానువారి పులుసులలో బెక్కింట ఎండుచేప కషాయముండును గాన అదియు మాకు బనికిరాదు. వృద్ధుడు శిరస్సువంచి, యేమియు విచారింపక, పెనము మీద నీళ్లుచల్లి యంతయు గోకి, తుడిచి, వేఱొక జత యట్లకాడలు దెచ్చి, క్రొత్తనూనె వేసి, అందఱికంటె ముందుగా మా వంటయే చేసెను. మా స్నేహితురాలు మా ప్రక్కన గోమాంసము దినుట యిష్టములేక తనకు జేపయే చాలుననెను. కోబెలో, అందును ఆ పెనముకడ, అది చిన్నత్యాగము గాదని తెలిసినవారెఱుగుదురు.

ఆ వంటను మేము చూచిన చూపు మీకు జెప్పవలెను. పెనము నడిభాగము మిక్కిలి కాగియుండును, అంచులు వెచ్చగా మాత్రముండును. మనము చెంబులో వ్రేళ్లుముంచి పెనముపై జిలికి, చుక్కలు ముత్యములవలె బరుగెత్తినప్పుడు గదా పిండి పోయుదుము. ఆయనయు నట్లే చేసెను. వంకాయ చక్రములు, గుమ్మడికాయ బద్దలు, తామరదుంప బిళ్లలు నడుమ వేసి, రంగుతిరిగిన వెంటనే యంచునకు దోసెను. అచ్చట నవి తమవేడికి దామే మగ్గుచుండెను. పెసలమొలకలను మాత్రము గుప్పెడు నడుమవేసి, రెండట్లకాడలతో నిటునటు నాలుగుమాఱులు ద్రిప్పి వెంటనే తీసెను. క్షణమాలస్యమైన నీరూరి మెత్తబడునట. చేసినదంతయు నింతే: ఉప్పు, నూనె, వేడి, వేళ. మా యత్తగారు జీవించియుండిన నీ వంటవానిని మెచ్చియుందురు. మిరపకాయ లేదని మాత్రము తప్పక యనెడివారు.

తామరదుంప తినుచుండగా మా స్నేహితురాలు సంగతి యెత్తెను. వివాహము నిశ్చయమైనదనెను. మేము సంతోషించి, మా దేశమున నెలక్రిందటనే యట్లతద్ది జరిగినదనియు, కన్నెపడుచులు మంచిమగనికై పెనముమీద నట్లుపోసి వాయనమిత్తురనియు, ఉయ్యాలలూగుదురనియు జెప్పితిమి. ఆమె నవ్వి, "అయితే మీ దేశమున బెనము వరుని దెచ్చును. నేను ముందు వరుని సంపాదించి పిదప బెనముకడకు వచ్చితిని" అనెను. అని, చేతిసంచినుండి యొక పత్రము దీసి బల్లపై బెట్టెను.

ఆ దేశమున వివాహమనగా న్యాయదృష్టిలో ఆ పత్రమే. పురకార్యాలయమున దాని నిచ్చి, వారు స్వీకరించిరేని పెండ్లియైనట్లే. అందు వధూవరుల వివరములతోపాటు ఇరువురు సాక్షుల సంతకము లుండవలెను. పత్రమంతయు నిండియున్నది. ఒక సాక్షి వ్రాలు పడినది. రెండవసాక్షిగా మేముండవలెనని యామె కోరిక. పరదేశీయులును సాక్షులుగా నుండవచ్చునట. 22వ తేదిని సమర్పింపవలెనని యనుకొనిరి. ఒకటి, ఒకటి, రెండు, రెండు అను నంకెలను వారిభాషలో "ఇయి ఫూఫు", అనగా "మంచి దంపతులు", అని చదువవచ్చునట. అందుచే ఆనాడు పెండ్లిపత్రము లిచ్చువారు విస్తారము. మనకు ముహూర్తబలము వంటిదే.

కాని పత్రములో నొక్కచోటు ఖాళీగానున్నది. "వివాహానంతరము ధరించు నింటిపేరు: భర్తది, భార్యది" యని రెండు గళ్లు. రెంటిలో నొక్కదానియందు మాత్రమే గుర్తుపెట్టవలెను. రెండును విడిచిన పత్రము చెల్లదు.

ఇచ్చట గొంత చెప్పవలసియున్నది. జపానువారికి మనవలెనే యింటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. కాని వారిలో బయటివారు పిలుచునది యింటిపేరే. మేము ఉద్యోగమున జేరిననాడు అందఱును మా యింటిపేరునకు "సాన్" అను గౌరవపదము చేర్చి పిలువగా, మామగారిని బిలుచుచున్నారని వెనుకకు దిరిగి చూచితిమి! తెలుగుదేశమున నాడుదానిని ఇంటిపేరుపెట్టి యెవరు పిలుతురు? అచ్చట మాత్రము అదియే మనిషి. తలుపుమీద, ముద్రికమీద, వ్యాసముమీద, సమాధిరాతిమీద గూడ నదియే. దంపతుల కిరువురకు నొకే యింటిపేరుండవలెనని అచ్చటి సివిలుస్మృతి 750వ నిబంధన విధించినది. చట్టమున నెవరిదైనను గావచ్చును. ఆచారమున నూటికి 94 మందికిపైగా భార్యయే మార్చుకొనుచున్నది. చట్టమే యిట్లు నిర్బంధించు దేశము తమ యెఱుకలో మఱియొకటి లేదని ఆ ప్రభుత్వమే యొప్పుకొన్నది. 2015లోను 2021లోను అత్యున్నతన్యాయస్థానము ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధము గాదని తీర్పుచెప్పెను. మేము భోజనమునకు బోవుటకు రెండువారములముందే, 2024 అక్టోబరులో, ఐక్యరాజ్యసమితివారి స్త్రీవివక్షానిర్మూలన సంఘము దానిని మార్చుడని నాలుగవమాఱు హితవుచెప్పియుండెను. ఆనాటికి మారలేదు.

ఇది యనాదియాచారమని పెద్దలు వాదింతురట. మా స్నేహితురాలు లెక్కలమనిషి గనుక చరిత్ర నంతయు దవ్వితీసినది. సామాన్యజనులు ఇంటిపేరు పెట్టుకొనవచ్చునని 1870లోను, పెట్టుకొనితీరవలెనని 1875లోను ఆజ్ఞలు వెడలెనట. 1876లో ప్రభుత్వమువారే, పెండ్లియైన స్త్రీ తన పుట్టినింటిపేరునే యుంచుకొనవలెనని యుత్తరువుచేసిరి! దంపతుల కొకేపేరన్నది 1898 నాటి స్మృతితో వచ్చినది. "ఈ పెనమువంటిదే నా యింటిపేరు గొడవయు. నిన్నమొన్నటి దానికి బురాతనమని పేరు" అని యామె యట్లకాడవైపు చూపెను. వృద్ధుడు విననట్లే చేపను దిరుగవేసెను.

మేము, వరుడు పట్టుపట్టుచున్నాడు గాబోలు నని, ఆమె పక్షముననుండి కోపము దెచ్చుకొనుటకు సిద్ధపడితిమి. కథ యట్లులేదు. అతడు బహుసాధువు. ఆమె తన తల్లిదండ్రుల కేకపుత్రిక. తండ్రి గతించెను, ఆమె పేరుమార్చుకొన్నచో ఆ యింటిపేరు ఆమెతల్లితో సరి. అది యెఱిగి అతడే, "నీ యింటిపేరు నేను బెట్టుకొందును" అనెనట. ఆ మాట చెప్పిననాటినుండి అతనితల్లి కొడుకుతో మాటాడుట మానినది. ఆఱువారములయ్యెనట.

"పండ్రెండేండ్లుగా ఈ పేరు వదలుట యెంతకష్టమో నేనే యందఱితో జెప్పుచుంటిని. ఇప్పుడు ఆ కష్టము అతని చేత బెట్టి, నేను సుఖముగా నుండగలనా? వలదందునా, నా తండ్రిపేరు పోవును" అనెను. పిమ్మట మావైపు దిరిగి, "మీ భర్త మీ యింటిపేరు బెట్టుకొందుననియుండినయెడల మీరొప్పుకొనియుందురా?" అని యడిగెను.

మేము మొదట నవ్వితిమి. మా దేశమున నిల్లరికమని యొక యాచారము కలదనియు, అల్లుడు అత్తవారింట నుండి యాస్తి యనుభవించినను సాధారణముగా నింటిపేరు మార్చుకొనడనియు, అంతమాత్రమునకే యూరివారు వానిని మేలమాడుదురనియు జెప్పితిమి. వారిలోను మగసంతతి లేని యిండ్లవారు అల్లుని దత్తుచేసికొని పేరిచ్చుట పూర్వమునుండి కలదట. అదియంతయు బదులు దాటవేయుటయే యని మాకు దెలియును. ఆమె యడిగినది ఆచారమును గాదు, మమ్ము.

నిజము చెప్పితిమి. మేమొప్పుకొనియుండము. ఆయన కష్టమును దలచి గాదు, నలుగురు నవ్వుదురని.

మఱియు నొక సంగతి, ఇంతవఱకు నీ పుటలో నెన్నడు వ్రాయనిది, ఆమెకు జెప్పితిమి. మన చట్టము స్త్రీని బేరుమార్చుకొమ్మని నిర్బంధింపదు. 2009లో మా వివాహమైనప్పుడు మా యత్తవారును అడుగలేదు. పాసుపోర్టు దరఖాస్తు నింపునప్పుడు, ఎవరును జెప్పకయే, మా చేయి భర్తగారి యింటిపేరు వ్రాసినది. పట్టాలన్నిటిమీద బుట్టినింటిపేరు, పాసుపోర్టుమీద మెట్టినింటిపేరు. పిదప నొక కార్యాలయమువారు ఈ యిద్దఱు స్త్రీలును ఒక్కతెయే యని రుజువుచేయుమనిరి. ప్రమాణపత్రములు వ్రాయించి, పత్రికలో బ్రకటన వేయించి, ఆఱుమాసములు తిరిగి, అంతలో మొదటియుద్యోగము పోగొట్టుకొంటిమి. అది యెట్లో మఱచితిమి. కాని మా నాయనగారు 2017లో గాలముచేయువఱకును మాకు వ్రాయు ఉత్తరములమీద బుట్టినింటిపేరే వ్రాయుచుండిరి. తపాలామనిషి యెట్లో పోల్చుకొని తెచ్చియిచ్చుచుండెను. ఒకమాఱు మేము విసిగి, "నాయనా, ఆ పేరుగలవారు ఈ యింట లేరని వాపసుపంపుదురు సుమా" అంటిమి. ఆయన, "చేయి తిరుగదమ్మా" అని యూరకుండిరి. తరువాతి యుత్తరముమీద నింటిపేరే లేదు. పొడియక్షరములు విడిచి, ఒట్టి పేరు.

ఇది చెప్పునప్పటికి మా పళ్లెములోని గుమ్మడిబద్ద చల్లారిపోయెను. వృద్ధుడు దానిని దీసి, పెనముమీద మఱల వెచ్చచేసి, మాటలేక మా పళ్లెములో నుంచెను. ఆ పంక్తియందు వంటవాడు సర్వమును వినును. విననట్లుండుట కూడ ఆయన వృత్తిలోనిదే కాబోలు.

చివరకు అన్నము. ఆ శాలలలో వెల్లుల్లివేసి వేచిన యన్నము ముగింపుగా బెట్టుట వాడుక. మాకై ఆయన యల్లమును సన్నగా దఱిగి, ఉప్పు, నువ్వులు మాత్రము చేర్చి వేచెను. అన్నమును పెనముమీద దోసెవలె బలుచగా నదిమి, అడుగంటి మాడునేమో యనునంతలో గీకి తిప్పెను. మన గిన్నెయడుగు మాడుచెక్కకై చిన్నతనమున దోబుట్టువులతో బోరాడినవారు ఆ రుచి యూహించుకొనగలరు. మా స్నేహితురాలు తన వెల్లుల్లియన్నము సగమే తిన్నది.

పత్రమున వ్రాలుచేయవలసిన సమయము వచ్చెను. వృద్ధుడు నూనెసీసాను దూరము జరిపి, మా యెదుటి బల్లను పొడిగుడ్డతో రెండుమాఱులు తుడిచెను. నివాసపుచీటిలో నున్నట్లే పేరు వ్రాయవలెను గనుక మెట్టినింటిపేరే వ్రాసితిమి. పుట్టినదినము, చిరునామా, దేశము వ్రాసితిమి. ఆమె చూచి, "మీ పుట్టినింటిపేరు మీ లిపిలో నెట్లుండును?" అని యడిగి, చేతులుతుడుచుకొను కాగితము ముందుకు జరిపెను. వ్రాసితిమి. ఎన్నియేండ్లకో వ్రాయుటచే నొక యొత్తు వంకరపోయెను. ఆమె దానిని, పత్రమును ఒక్కచోట మడచి సంచిలో బెట్టుకొనెను. గళ్లు రెండును ఖాళీగనే యుండెను.

ఆ దేశమున నెవరి సొమ్ము వారిచ్చుకొనుట మామూలు. ఆరాత్రి మాత్రము ఆమె మమ్మియ్యనీయలేదు.

22వ తేదిని ఆమె మధ్యాహ్నమునకు గాని పనికి రాలేదు. బల్లమీది పేరు మారలేదు. ఉద్యోగమున బాతపేరునే వాడుకొను స్త్రీలు అచ్చట బెక్కురు గనుక దానినిబట్టి యేమియు దెలియదు. మేమడుగలేదు. కొలదిదినములకే సెలవుపై మేము స్వదేశమునకు వచ్చితిమి. 2025 జనవరిలో ఆమె పంపిన నూతనసంవత్సరపు కార్డు మాకందినది. ఆ కార్డులమీద నింటిపేరొకటి, దానిక్రింద దంపతుల పేర్లు అచ్చువేయుట వారి వాడుక. అచ్చుపడినది అతని యింటిపేరు. అత్తగారు పండుగకు మోచీలు పంపినారనియు, తాము కుశలముగా నున్నామనియు రెండుపంక్తులు వ్రాసినది. తన పేరునకు ప్రక్కన, చిన్నకుండలీకరణములలో, మూడేండ్లు మేము తలుపుమీద జూచిన ఆ పాత యింటిపేరున్నది. అది యచ్చు గాదు, కలముతో వ్రాసినది.